మాస్టర్ చెయ్యెత్తేదాకా

2022 సెప్టెంబరు 12, సోమవారం, సాయంత్రం నాలుగూ నలభైకి యూసుఫ్ మొదటిసారి నా గదికి వచ్చాడు. వినాయక నిమజ్జనం అయి మూడు రోజులైంది. ఊరేగింపుల్లో వాయించి వాయించి అతని ఎడమచేతి వేలి కొనలు తీగల మసితో నల్లబడి ఉన్నాయి.

అప్పటికి నేను కామారెడ్డిలో ఒక ప్రైవేటు సంగీత పాఠశాలలో గిటార్ ఉపాధ్యాయురాలిని. పాఠశాల అంటే నిజాంసాగర్ చౌరస్తాకు కొంచెం ఇవతల, టైర్ల దుకాణం మీద మూడు గదులు. ఒకటి గాత్రానికి, ఒకటి కీబోర్డుకు, చివరిది నాకు. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు హైదరాబాదులో ఒక హోటల్ బ్యాండులో రిథమ్ గిటార్ వాయించాను. ఆ ఉద్యోగం తెలియనివారికి ఒక మాట చెప్పాలి. హోటల్ బ్యాండులో హోదాలుంటాయి. పియానో దగ్గర కూర్చునేవాడు లీడర్. తర్వాత సాక్సఫోన్, ఆ తర్వాత లీడ్ గిటార్. రిథమ్ గిటార్‌కు డ్రమ్స్ పక్కన, వెలుతురు అంతగా పడని చోట కుర్చీ వేస్తారు. మిగతావాళ్ళు వెనక తాళం పట్టుకుని ఉండగా ఒకరు అప్పటికప్పుడు కల్పించి వాయించడాన్ని సోలో అంటాం. అది పై మూడు హోదాల హక్కు. ఇరవై ఆరేళ్ళలో నా వంతుకు సోలో రాలేదు. రాదని తెలిసి కూడా నేర్చుకున్నాను. నేర్చుకున్నదంతా ఇంట్లో గోడకు వినిపించాను.

యూసుఫ్‌ది ఎల్లారెడ్డి. వయసు ముప్పై నాలుగు. అక్కడి పెండ్లి బ్యాండులో పదకొండేళ్ళు గిటార్ వాయించాడు. దానికి ముందు రెండేళ్ళు గల్ఫులో ఒక గోదాములో అట్టపెట్టెలు మోసి వచ్చాడు. వచ్చిన పనేమిటో కూర్చోకముందే చెప్పాడు.

“మేడం, గల్ఫుల ఒక హోటల్ బ్యాండుకు గిటార్ కొట్టేటాయన కావాల్నట. హైదరాబాద్ ఏజెంటు చెప్పిండు. ఫిబ్రవరిల పరీక్ష. ముప్పై అయిదు దాటితే తీసుకోరట. నాకు ఏప్రిల్ల నిండుతయి.”

నీకేం వచ్చని అడిగాను.

“అన్ని పాటలు వస్తయి మేడం. హిందీ, తెలుగు, మరాఠీ. ఏ పాటన్న ఇయ్యుండ్రి, కొడుత. గా సోలో ఒక్కటే రాదు.”

తర్వాతి వారం మిగతా సంగతి తెలిసింది. అతని బావమరిది పాత గోదాములోనే హెల్పర్ వీసా మాట్లాడి ఉంచాడు. ఫిబ్రవరి ఆఖరులోగా అవునో కాదో చెప్పాలి. అంటే యూసుఫ్ గల్ఫుకు ఎలాగూ వెళతాడు. గిటార్ పట్టుకుని వెళతాడా, పెట్టెలు మొయ్యడానికి వెళతాడా అన్నదే తేలాలి. ఎల్లారెడ్డిలో బట్టలు కుట్టే అతని భార్య షహనాజ్ నాకు ఒకసారి ఫోన్ చేసింది. “మేడం, మీరన్న చెప్పుండ్రి ఆయనకు. పెట్టెలు రోజు ఉంటయి. పాటలు రోజు ఉంటయా?” అంది. ఉండవనే నాకు తెలుసు. ఆ మాట చెప్పకుండా, ఫిబ్రవరిదాకా ఆగమన్నాను.

పరీక్షలో మూడు అంశాలు. కాగితం మీది స్వరాలు చూసి వాయించడం మొదటిది. గాయని వెనక ఒక నెమ్మది పాట నడిపించడం రెండోది. పన్నెండు బార్ల బ్లూస్ అనే పాశ్చాత్య బాణీలో సోలో మూడోది. బార్ అంటే నాలుగు దెబ్బల కొలత. అలాంటివి పన్నెండు కలిస్తే ఒక చుట్టు పూర్తవుతుంది, పాట మళ్ళీ మొదటికి వస్తుంది. మొదటి రెండు అంశాల్లో యూసుఫ్‌కు నేను నేర్పవలసింది తక్కువ. మూడోదానికి డిమినిష్డ్ స్కేలు అనే స్వరాల వరసను ఎంచుకున్నాను. ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను.

గిటార్ మెడ మీద లోహపు కడ్డీల మధ్య ఉండే గడులను ఫ్రెట్లు అంటారు. ఒక్కో ఫ్రెట్ ఒక అర మెట్టు. పన్నెండు ఫ్రెట్లు ఎక్కితే మొదలుపెట్టిన స్వరమే పై స్థాయిలో పలుకుతుంది. మామూలు స్కేలులో ఏడు స్వరాలుంటాయి. మెట్లు ఒక్క తీరుగా ఉండవు కాబట్టి ఏ స్వరం ఇల్లో, అంటే పాట చివరికి ఎక్కడికి చేరాలో, చెవి సులభంగా పట్టుకుంటుంది. డిమినిష్డ్ స్కేలులో ఎనిమిది స్వరాలు. ఒక ఫ్రెట్, రెండు ఫ్రెట్లు, మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు. చివరిదాకా అదే వరస. ఒకటీ రెండూ మూడు. నాలుగు మూళ్ళు పన్నెండు. అందువల్ల వేళ్ళ అమరికను ఉన్నదున్నట్టు మూడు ఫ్రెట్లు పైకి జరిపినా, కిందికి జరిపినా అదే స్కేలులో ఉంటాం. మేజర్ అనే మామూలు స్కేళ్ళు పన్నెండు నేర్చుకోవాలి. డిమినిష్డ్ స్కేళ్ళు మూడు నేర్చుకుంటే చాలు, నాలుగోది మళ్ళీ మొదటిదే. ఐదు నెలలు కూడా చేతిలో లేని విద్యార్థికి ఇది పెద్ద ఆదా.

దాన్ని ఎక్కడ వాడాలన్నది కూడా తేలిక. మూడు నాలుగు స్వరాలను కలిపి మోగిస్తే దాన్ని కార్డ్ అంటాం. సి మన ఇల్లు అనుకుంటే, జి సెవెన్త్ అనే కార్డ్ ఆ ఇంటి గడప. గడప మీద ఉన్నంతసేపు జి స్వరం నుంచి ముందు ఒకటి, తర్వాత రెండు చొప్పున ఫ్రెట్లు ఎక్కుతూ పోతే ఆ కార్డ్‌లోని నాలుగు స్వరాలూ తగులుతాయి. వాటి మధ్య నాలుకను చురుక్కుమనిపించే మరో నాలుగు కూడా తగులుతాయి. అంత ఘాటు తర్వాత సి మీద దిగాలి. దిగితే వినేవాళ్ళు ఊపిరి వదులుతారు. దిగకపోతే బిగబట్టుకునే ఉంటారు.

మొదటి పాఠంలో ఒక అమరిక చూపించి, మూడు ఫ్రెట్లు జరపమన్నాను. జరిపాడు. ఇంకో మూడు జరిపాడు. గిటార్ మెడ చివరిదాకా పోయి, అదే దారిలో వెనక్కి వచ్చాడు.

“చీమ లెక్క పోతున్నది గద మేడం. ఎంత దూరం పోయినా గదే బాట. గిది ఎక్కడ ఆగుతది?”

“అది ఆగదు. నువ్వే దిగాలి” అన్నాను.

తలూపాడు. అర్థమైందనుకున్నాను.

సోమవారం, గురువారం తరగతులు. ఎల్లారెడ్డి నుంచి లింగంపేట మీదుగా బస్సులో గిటార్‌ను ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాడు. నేను ఇచ్చిన అభ్యాసం ఒకటే. జి సెవెన్త్ మీద ఎనిమిది స్వరాలు ఎక్కాలి, తొమ్మిదోది సి కావాలి, అది తర్వాతి బార్ మొదటి దెబ్బకు పడాలి. మొదట్లో తొమ్మిదోది దాటిపోయి పదకొండు, పన్నెండుకు పోయేవాడు. నవంబరు నెలాఖరుకు పదికి పదిసార్లూ దెబ్బ మీద దిగుతున్నాడు. దీనికోసం ముందే రికార్డు చేసిన బాసు, డ్రమ్స్, పియానోల వాయిద్యం వాడాం. దాన్ని బ్యాకింగ్ ట్రాక్ అంటారు. పరీక్షలో మూడు చుట్లు సరిపోతాయని ట్రాక్‌ను సరిగ్గా మూడు చుట్లకు కత్తిరించాను. మూడో చుట్టు చివర సి కార్డ్ ఒక్కటే మోగి తాళం ఆగిపోయేది. యూసుఫ్ కూడా సి మీద దిగి చెయ్యి తీసేవాడు. ఆ తర్వాత ప్రతి తరగతిలోనూ అలాగే దిగాడు.

ఆ మధ్యలో నా తరగతి చిక్కిపోయింది. నేను చేరినప్పుడు పదకొండుమంది ఉండేవారు. డిసెంబరుకు యూసుఫ్, ఒక బ్యాంకు గుమాస్తా మిగిలారు. పాఠశాల యజమాని మర్యాదస్తుడు. “మార్చిదాకా చూద్దాం మేడం” అన్నాడు. ఒక్క విద్యార్థికైనా ఉద్యోగం వస్తే ఆ పేరు చెప్పి కొత్తవాళ్ళను తేవచ్చని అతని ఆశ. అది తప్పుడు ఆశేమీ కాదు.

డిసెంబరు 8, గురువారం తరగతి లేదు. మా గాత్రం ఉపాధ్యాయిని కూతురి పెండ్లి సదాశివనగర్‌లో. వాయించేది యూసుఫ్ వాళ్ళ బ్యాండే. నేను పొద్దున పదింటికి వెళ్ళేసరికి పెండ్లికొడుకు గుర్రం మీద ఉన్నాడు. గుర్రం వెనక తోపుడు బండి, బండి మీద కీబోర్డు, స్పీకర్లు, స్పీకరు తీగతో కట్టేసినట్టు గిటార్‌తో యూసుఫ్. ముందు క్లారినెట్ పట్టుకుని నడుస్తున్నది బ్యాండు మాస్టర్ రాజలింగం. అరవై దాటిన మనిషి. భుజాల మీద జరీ పట్టీలున్న ఎర్రకోటు, రంగు వేసిన మీసం. ఒక చోట అందరూ నీళ్ళు తాగుతుంటే నా దగ్గరికి వచ్చాడు. కీబోర్డు ఆయన ఒక్కడూ మెల్లగా ఏదో వాయిస్తూనే ఉన్నాడు.

“మీరేనా అమ్మా, మా పోరనికి భూతాల పాట నేర్పింది?”

“దాన్ని డిమినిష్డ్ స్కేలు అంటారు.”

“ఏమన్న అనుండ్రి. మొన్న నస్రుల్లాబాద్ల పెండ్లికొడుకు నాయినమ్మ జడుసుకున్నది.”

బండి మీద నుంచి యూసుఫ్ నవ్వాడు. “గుర్రం అయితె ఆగలే గద మాస్టర్.”

“అది గూడ జడుసుకున్నది రా. నడువక ఏం జేస్తది?”

తర్వాత రాజలింగం తన వృత్తి మర్యాద చెప్పాడు. పెండ్లికొడుకు తొవ్వ మీద ఉన్నంతసేపు వాయిద్యం ఆగకూడదు. ఆగితే పెండ్లివాళ్ళు అపశకునం అంటారు. పాటకూ పాటకూ మధ్య కీబోర్డు ఆయన మీటలు మార్చుకోవాలి, డప్పుల వాళ్ళు చేతులు దులుపుకోవాలి. ఆ సందును గిటార్ నింపుతుంది. ఎంతసేపు నింపాలో ఎవరికీ తెలియదు. మాస్టర్ కుడిచెయ్యి పైకి లేపితే ఆగాలి. అది తప్ప ఆగడానికి ఇంకో గుర్తు లేదు.

“వాయించుడు వాండ్ల పని, ఆపుడు నా పని. ఎవనికి వాడు ఆపుకుంటె పెండ్లి నడిరోడ్డు మీదనే ఉంటది అమ్మా” అన్నాడు.

ఎదురుకోళ్ళ దగ్గర ఆడపెండ్లివారి పళ్ళెం రావడం ఆలస్యమైంది. పళ్ళెం వచ్చింది గానీ అందులో కుంకుమ లేదు. మనిషి మళ్ళీ లోపలికి పరుగెత్తాడు. ఆ పావుగంటా యూసుఫ్ ఒక్కడే నింపాడు. మూడు ఫ్రెట్లు పైకి, మూడు కిందికి, మధ్యలో తీగలు మార్చి, లయ విరిచి, మళ్ళీ అతికి. ఒకసారి పలికిన పలుకు మళ్ళీ రాలేదు. మా హోటల్లో లీడ్ గిటార్ కుర్చీలో కూర్చున్న నలుగురిలో ఏ ఒక్కరి దగ్గరా అంత కల్పన నేను వినలేదు. పెండ్లికొడుకు తమ్ముళ్ళు దానికే డాన్సు చేశారు. చివరకు కుంకుమ వచ్చింది. రాజలింగం చెయ్యి లేచింది. డాన్సు ఒక్క క్షణంలో ఆగింది. యూసుఫ్ పలుకు మధ్యలో, కత్తిరించినట్టు ఆగాడు.

కల్పన నా పాఠం ఫలితం అనుకున్నాను. ఆగడం బ్యాండు క్రమశిక్షణ అనుకున్నాను. రెండింటినీ మెచ్చుకుని భోజనానికి వెళ్ళాను.

జనవరిలో మాఘమాసం పెండ్లిళ్ళు మొదలయ్యాయి. పరీక్షకు రెండు వారాలుంది. ఆ రెండు వారాలు పెండ్లిళ్ళు మానుకొమ్మని నేనే చెప్పాను. యూసుఫ్ ఆ మాట మాస్టర్‌కు చెప్పడానికి భయపడితే నేను ఫోన్ చేశాను. రాజలింగం అరవలేదు.

“మాఘమాసంల గిటార్ లేకుంటె జనం డీజే పెట్టుకుంటరు అమ్మా. ఒక్కపారి డీజేకు మరిగిండ్రంటె మళ్ళ మా మొఖం చూడరు. పోతె పొమ్మనుండ్రి. మళ్ళొస్తె మాత్రం జాగ ఉంటదని నేనైతె చెప్ప.”

ఈ షరతు విని యూసుఫ్ ఒక రాత్రి ఆలోచించుకున్నాడు. తెల్లవారి బస్సులో గిటార్‌తో వచ్చాడు. “ఒక తొవ్వ మూసుకచ్చిన మేడం. ఇంక మీరే చూడాలె” అన్నాడు.

పరీక్ష 2023 ఫిబ్రవరి 5, ఆదివారం, ఉదయం పదకొండింటికి, సికింద్రాబాదులో ఒక రిహార్సల్ హాలులో. తోడుగా బాసు, డ్రమ్స్ వాయించే కుర్రవాళ్ళు, ఒక గాయని ఉన్నారు. ఎంపిక చేసేవాళ్ళు ముగ్గురు. ఆ హోటల్ బ్యాండు లీడర్ స్వయంగా పియానో దగ్గర కూర్చున్నాడు. రెండో ఆయన ఏజెన్సీ మనిషి. మూడో ఆయన హోటల్లో ఆహార పానీయాల విభాగం మేనేజరు. హోటళ్ళలో బ్యాండు ఆ విభాగం కిందికే వస్తుంది కాబట్టి అలాంటి మేనేజరు ఒకరు కూర్చోవడం మామూలు. సంగీతంతో వాళ్ళకు పనుండదు. టేబుళ్ళ మధ్య నిలబడి, చెయ్యెత్తి వెయిటర్లను పిలవడం వాళ్ళ ఉద్యోగం. అభ్యర్థి వెంట వచ్చినవాళ్ళు వెనక వరుసలో కూర్చోవచ్చు. మాట గానీ సైగ గానీ చేస్తే ఆ అభ్యర్థిని తీసేస్తారు.

నలుగురు అభ్యర్థుల్లో యూసుఫ్ మూడోవాడు. కాగితం చూసి వాయించడంలో ఒక్క తప్పు పోయింది. గాయని వెనక నెమ్మది పాటలో ఏ తప్పూ లేదు. ఆమె ఊపిరి తీసుకున్న చోటల్లా చిన్న పలుకు పెట్టాడు. పాట అయ్యాక లీడర్ వెనక్కి తిరిగి ఏజెన్సీ మనిషితో ఏదో అని నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. అది ఒక కుర్చీ నిండిందని లీడర్లు నవ్వే నవ్వు.

మూడో అంశం. సి లో బ్లూస్. లీడర్ నాలుగు దెబ్బలు లెక్కపెట్టే ముందు యూసుఫ్‌తో, ఎన్ని చుట్లు కావాలంటే అన్ని తీసుకొమ్మన్నాడు. మా వృత్తిలో అది గౌరవం. ఇరవై ఆరేళ్ళలో నాతో ఎవరూ అనని మాట.

మొదటి చుట్టు నేను నేర్పిన దానికంటే బాగుంది. పదో బార్‌లో జి సెవెన్త్ మీద ఎనిమిది స్వరాలు ఎక్కి, తొమ్మిదోదానికి సి మీద దిగాడు. బాసు వాయించే కుర్రవాడు తలెత్తి చూశాడు. రెండో చుట్టులో పైనుంచి కిందికి వచ్చి దిగాడు. మూడో చుట్టులో లయ విరిచి, ఒక దెబ్బ ఆలస్యంగా దిగాడు. ఆ ఆలస్యం నేను నేర్పలేదు. అక్కడితో చాలు. అక్కడ పియానో వైపు చూసి, తల ఆడించి, చెయ్యి తీస్తే అయిపోయేది. హోటల్ బ్యాండులు వాయించే జాజ్‌లో సోలో అయిందని ప్రకటించేది వాయించేవాడే. చూపుతో చెబుతాడు, పియానో అందుకుంటుంది.

యూసుఫ్ పియానో వైపు చూశాడు. లీడర్ కూడా చూశాడు. బాగుంది, కానివ్వు అన్నట్టు తలాడించాడు. యూసుఫ్ నాలుగో చుట్టులోకి వెళ్ళాడు.

నాలుగో చుట్టు చివర మళ్ళీ పియానో వైపు చూశాడు. ఐదో చుట్టులో డ్రమ్స్ వైపు, తర్వాత ఎంపిక చేసేవాళ్ళ బల్ల వైపు. అప్పుడు నాకు తెలిసింది. అతను వాళ్ళ ముఖాలు చూడడం లేదు. చేతులు చూస్తున్నాడు.

ఆరో చుట్టు నుంచి దిగడం మానేశాడు. సదాశివనగర్‌లో కుంకుమ కోసం ఆగినప్పుడు నింపినట్టు నింపుతున్నాడు. కింద సి కార్డ్ ఉన్నా, ఎఫ్ కార్డ్ ఉన్నా పైన అదే స్కేలు. మూడు ఫ్రెట్లు, మూడు ఫ్రెట్లు. గడప మీద వాడవలసింది ఇల్లంతా పరిచాడు. పెండ్లి రోడ్డు మీద అది చెల్లుతుంది. అక్కడ ఇల్లు దూరంగా ఉంటుంది, అందరూ నడుస్తుంటారు. ఇక్కడ నాలుగు గోడల మధ్య ఆ శబ్దానికి పోయే దారి లేదు. లీడర్ ముఖంలో నవ్వు పోయింది. అతను యూసుఫ్ చూపు కోసం చూస్తున్నాడు, యూసుఫ్ అతని చెయ్యి కోసం చూస్తున్నాడు. ఇద్దరూ మర్యాదస్తులే. ఎవరూ ఆపలేదు. యూసుఫ్ నుదుటి మీద చెమట కంట్లోకి దిగుతోంది. వేళ్ళు మాత్రం ఒక్కటి కూడా తప్పు ఫ్రెట్ మీద పడలేదు.

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఎత్తితే ఆగుతాడు. ఎత్తితే తీసేస్తారు. ఎత్తలేదు.

తొమ్మిదో చుట్టు, పదో బార్. జి సెవెన్త్. యూసుఫ్ పైకి ఎక్కుతున్నాడు. ఆహార పానీయాల మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, తలుపు దగ్గర ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ చాయ్ ఆయన్ని చూసి, కుడిచెయ్యి పైకెత్తాడు.

యూసుఫ్ ఆగాడు.

ఆగింది బి స్వరం మీద. బి ఈ స్కేలులోదే, జి సెవెన్త్‌లోదే. దాని పై ఫ్రెట్ సి. బాసు, డ్రమ్స్ ఇంకో రెండు బార్లు నడిచి, తడబడి, ఆగిపోయాయి. లీడర్ వేళ్ళు మీటల మీద లేచి ఉన్నాయి. అతను ఎదురుచూస్తున్నాడని నాకు తెలుసు. ఆ ఒక్క స్వరం వస్తుందేమోనని హాలులో సంగీతం తెలిసినవాళ్ళందరం ఎదురుచూశాం. యూసుఫ్ గిటార్ మీద నుంచి చెయ్యి తీసి, మాస్టర్ ముందు నిలబడినట్టు నిటారుగా నిలబడ్డాడు. చాయ్ వచ్చింది. గ్లాసులు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

మూడింటికి ఫలితం చెప్పారు. నాలుగో అభ్యర్థిని తీసుకున్నారు. యూసుఫ్ గురించి ఏజెన్సీ మనిషి చదివి వినిపించిన వాక్యం ఇది: చెయ్యి మంచిది, పాట ఎక్కడ ముగుస్తుందో తెలియదు. నేను లీడర్ దగ్గరికి వెళ్ళి పెండ్లి బ్యాండు పద్ధతి వివరించాను. చెయ్యి సంగతి, చాయ్ సంగతి చెప్పాను. అతను ఓపికగా విన్నాడు. అర్థమైందన్నాడు. కానీ తన స్టేజి మీద ఎవరూ చెయ్యెత్తరని, రాత్రికి మూడు గంటల కార్యక్రమంలో ఆ పని చేసే మనిషిని తాను పెట్టుకోలేనని చెప్పాడు.  అతని కుర్చీలో నేనున్నా అదే రాసేదాన్ని.

జూబ్లీ బస్టాండులో కామారెడ్డి బస్సు ఎక్కాం. మేడ్చల్ దాటాక యూసుఫ్ నా వైపు తిరిగాడు.

“చెయ్యి లేసింది మేడం. ఆగిన.”

“అది చాయ్ కోసం లేచింది.”

“నాకెట్ల తెలుస్తది?” అని నవ్వాడు. “చాయ్ అన్న మంచిగుండెనా? నాకైతె పొయ్యలే.”

నేను నవ్వలేకపోయాను. ఆ చెయ్యి లేవకపోతే ఏం చేసేవాడివని అడిగాను.

“వాయిస్తనే ఉందును. పదకొండేండ్ల సంది గదే గద పని. మీరు ఎనిమిది ఎక్కి దిగుమన్నరు, దిగిన. దిగినంక పాట నడుస్తనే ఉన్నది. నడుస్తున్న పాటను ఇడిచిపెట్టి నేనెట్ల ఆగుత? మన గదిల అయితె అదే ఆగుతుండె.”

అతను చెప్పింది నిజం. మా గదిలో ట్రాక్ ఆగేది.

ఫిబ్రవరిలో అతను ఒకసారి రాజలింగం దగ్గరికి వెళ్ళాడు. మాఘమాసం అయిపోయింది. తోపుడు బండి మీద గిటార్ నిలబడే చోట ఇంకో స్పీకర్ బిగించి ఉంది. రాజలింగం కూర్చోబెట్టి చాయ్ తాగించాడు. “నిన్ను వెళ్ళగొట్టింది నేను కాదు రా, గీ డబ్బా” అని స్పీకర్ మీద కొట్టి చూపించాడట. ఇది యూసుఫ్ నాకు చెప్పిన మాట. అదే నెల ఆఖరి రోజున హెల్పర్ వీసాకు అవునన్నాడు.

వెళ్ళే ముందు సోమవారం నా గదికి వచ్చాడు. చేతిలో గిటార్ లేదు. జుక్కల్ దిక్కు పెండ్లిళ్ళలో బెంజో వాయించే పార్టీవాళ్ళు కొనుక్కుపోయారన్నాడు. నేను అతని ఎడమచెయ్యి అడిగి చూశాను. నాలుగు వేళ్ళ కొనలూ ఇంకా గట్టిగా, కాయలు కాసి ఉన్నాయి. తీగ తగలకపోతే ఆ కాయలు కొన్ని వారాల్లో పొరలు పొరలుగా ఊడిపోతాయి. అది అతనికీ తెలుసు. పెట్టెలు మోస్తే కాయలు అరచేతిలో కాస్తాయి, వేలి కొనల మీద కాదు.

“ఒక్క మాట అడుగుత మేడం. గా సారు చెయ్యి లేపకుంటె నేను దిగుదునా?”

తొమ్మిది చుట్లు గుర్తు చేసుకుని, లేదు అన్నాను. అబద్ధం చెప్పడానికి ఒక కారణం వెతికాను, దొరకలేదు.

“గట్లనే అనుకున్న” అని చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు దీని నుంచి తేలేది ఇంతే. పెండ్లి బ్యాండు, భజన, ఊరేగింపు, ఎక్కడినుంచి వచ్చిన విద్యార్థి అయినా, అతను ఇన్నాళ్ళూ ఎవరు ఆపితే ఆగాడో మొదటి రోజే అడగాలి. తర్వాతే స్కేలు. తనంతట తాను ఆగిపోయే ట్రాక్ మీద అభ్యాసం చేయించకూడదు. ఆగని తాళం మీద వదిలిపెట్టి, గురువు గదిలోంచి బయటికి వెళ్ళాలి. విద్యార్థి ఎప్పుడు ఆగాడో తలుపు అవతలి నుంచి వినాలి. డిమినిష్డ్ స్కేలుకు ఇది రెండింతలు అవసరం, ఎందుకంటే మూడు ఫ్రెట్లకు ఒకసారి మొదటికి వచ్చే ఆ దారిలో చివర అనేది లేదు. ఇది తెలిశాక నేర్పడానికి నాకు విద్యార్థి దొరకలేదు.

పోయినవి ఇవి. గల్ఫు హోటల్లో లీడ్ గిటార్ కుర్చీ ఒకటి. ఎల్లారెడ్డి బ్యాండులో పదకొండేళ్ళ చోటు ఒకటి. ఒక గిటార్. నాలుగు వేళ్ళ కాయలు. మార్చి 31న మూసిన నా తరగతి. నేను గోడకు వాయించింది ఒక్కరైనా స్టేజి మీద వాయిస్తారన్న లెక్క. సి స్వరం ఒకటి. అతను ఆగిన చోటికి ఒక్క ఫ్రెట్ పైన ఉంది. దాన్ని ఆ హాలులో ఎవరూ వాయించలేదు.